ముందు రిమోట్, తర్వాతే హెలికాప్టర్

ప్రొద్దుటూరులో బంగారం కొనాలంటే వీధులకు వీధులే ఉన్నాయి. బట్టల కోసం పక్క ఊళ్ళవాళ్ళంతా ఇక్కడికే వస్తారు. అదే మీ రిమోట్ హెలికాప్టర్‌లో గోరంత పళ్ళచక్రం ఒకటి అరిగిందనుకోండి, ఏ కొట్టుకు పోతారు? మొబైల్ షాపు అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి "ఇట్లాంటివి మా దగ్గర ఉండవన్నా" అంటాడు. ఇక ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి, కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేదాకా కాచుకోవాలి. అంతవరకు హెలికాప్టర్ బీరువా మీద, మీ ఉత్సాహం కూడా దాని పక్కనే.

హైదరాబాదులోనో బెంగళూరులోనో నేర్చుకునేవాళ్ళకు ఈ బాధ కొంత తక్కువ. అక్కడ తోటివాళ్ళు ఉంటారు, ఒక షాఫ్టు అప్పుగా ఇస్తారు, "గైరో తిరగబడి ఉంది, చూసుకో" అని చెబుతారు. జమ్మలమడుగులోనో పులివెందులలోనో మీరు మొదలుపెడితే మీకు మీరే గురువు, మీకు మీరే మెకానిక్. కాబట్టి పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే వరస మీకు పనికిరాదు. మీ వరస వేరే ఉండాలి.

ఆ వరస ఇదీ: ముందు రిమోట్ కొనండి. హెలికాప్టర్ తర్వాత.

వింతగా ఉందా? కొత్తవాడి హెలికాప్టర్ పడిపోవడం ఖాయం. నూటికి నూరుమందికీ ఖాయం. మీ చేతిలో ఉన్నదల్లా అది ఎక్కడ పడాలన్న నిర్ణయం ఒక్కటే. పొలంలో పడితే డబ్బు పోతుంది, రోజులు పోతాయి. కంప్యూటర్ తెర మీద పడితే ఏమీ పోదు. 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ రిమోట్ హెలికాప్టర్‌ను నమ్మకంగా ఎగిరే స్థితికి తెచ్చినప్పుడు సిమ్యులేటర్లు లేవు, ఎలక్ట్రానిక్ గైరోలు లేవు. ఆ తరం వాళ్ళు విరగ్గొట్టుకుంటూనే నేర్చుకున్నారు. మీకు ఆ అవసరం లేదు.

కొనే ముందు: ఏది మీది?

అంగట్లో, ఆన్‌లైన్‌లో మీకు మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, ఒకదానిమీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురుగా తిరిగేది. తిరునాళ్ళలో కూడా దొరుకుతుంది. దానంతట అదే కుదురుగా నిలబడుతుంది కాబట్టి పిల్లలకు బాగుంటుంది, కానీ మీకు ఏమీ నేర్పదు. రెండోది ఫిక్స్‌డ్ పిచ్. ఒకే పెద్ద రోటర్, వెనక తోక రోటర్. బ్లేడ్ల కోణం మారదు, వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. గదిలో సరదాగానే ఉంటుంది. బయట కాస్త గాలి తగిలితే చేతికి రాదు. మూడోది కలెక్టివ్ పిచ్. రోటర్ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, బ్లేడ్ల కోణం మారుతుంది. అసలు హెలికాప్టర్ పనిచేసే తీరు ఇదే. తలకిందులుగా ఎగిరే వీడియోలన్నీ వీటివే.

నా మాట వింటే మొదటి రెండూ వదిలేయండి. అరచేతికి కాస్త పెద్దదైన చిన్న కలెక్టివ్ పిచ్ మోడల్‌తో మొదలుపెట్టండి. ఎక్స్‌కే కే110, ఓఎంపీహాబీ ఎం1 లాంటివి 250 గ్రాముల లోపే ఉంటాయి. పడినా తేలికగా పడతాయి, ఇంకొకరికి తగిలినా ప్రమాదం తక్కువ. తేలిక అన్నదే ఇక్కడ అసలు భద్రత.

ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. పులివెందులలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఆరు నెలలు వీడియోలు చూశాడు. ఎవరో వాడి అమ్మేస్తున్న అలైన్ టీ-రెక్స్ 450 సగం ధరకు దొరికింది. ఆదివారం సాయంత్రం చీనీ తోట పక్కన బీడులో పెట్టాడు. రోటర్ ఊపందుకుంది. ఒక స్కిడ్ (నేల మీద ఆనే కాలు) రాయికి తట్టుకుంది, హెలికాప్టర్ పక్కకు ఒరిగింది, భయపడి స్టిక్ పూర్తిగా పైకి నెట్టాడు. అంతే! బ్లేడ్లు, మెయిన్ షాఫ్టు, బ్లేడ్లను పట్టి ఉంచే ఫెదరింగ్ షాఫ్టు, తోక గొట్టం, పళ్ళచక్రం అన్నీ ఒకేసారి పోయాయి. నాయన వచ్చి చూసి, "ఏం రా, ఇంత దుడ్డు పోసింది ఇందుకా?" అన్నాడు. కుర్రాడి దగ్గర జవాబు లేదు.

ఇందులో కుర్రాడి తప్పేమిటి? చేతకాకపోవడం తప్పు కాదు. వరస తప్పాడు, అంతే.

ఇంకో మాట. ఊళ్ళో పెళ్ళిళ్ళకు డ్రోన్ ఎగరేసే ఫొటోగ్రాఫర్ ఉంటాడు, అతన్ని అడిగి నేర్చుకుందామనిపిస్తుంది. మంచివాడే, కానీ అతని విద్య వేరు. డ్రోన్ స్టిక్కులు వదిలేస్తే జీపీఎస్ పట్టుకుని గాల్లో అలాగే నిలబడుతుంది. హెలికాప్టర్ స్టిక్కులు వదిలేస్తే దాని దారి అది చూసుకుంటుంది. దాన్ని నిలబెట్టేది ప్రతి క్షణం మీ వేళ్ళే.

అడుగులు

1. రిమోట్ కొనండి. బొమ్మతో పాటు వచ్చే చిన్న రిమోట్ వద్దు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపే వీలున్నది, రకరకాల కంపెనీల మోడళ్ళకు పనిచేసేది తీసుకోండి. రేడియోమాస్టర్ కంపెనీ రిమోట్లను కొత్తవాళ్ళు ఎక్కువగా కొంటున్నది ఇందుకే. ఒకే రిమోట్ సిమ్యులేటర్‌కూ, చిన్న మోడల్‌కూ, రేపు పెద్ద మోడల్‌కూ పనికొస్తుంది. ఆర్డర్ పెట్టేముందు, మీరు కొనబోయే హెలికాప్టర్‌తో అది కలుస్తుందో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి. "మోడ్ 2" అని స్పష్టంగా చెప్పండి. అంటే ఎడమ స్టిక్ పైకీ కిందికీ కదిపితే హెలికాప్టర్ లేవడం, దిగడం. పక్కలకు కదిపితే ముక్కు తిరగడం. కుడి స్టిక్‌తో ముందుకూ వెనక్కూ పక్కలకూ వంగడం. మోడ్ 1కు వేళ్ళు అలవాటు పడితే మళ్ళీ మార్చుకోవడం నరకం.

2. సిమ్యులేటర్. రియల్‌ఫ్లైట్, నెక్స్ట్, ఆక్యూఆర్‌సీ, ఏదైనా సరే. మామూలు ల్యాప్‌టాప్ ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇక్కడే ఎక్కువ కాలం గడపండి, ఎందుకంటే చదువంతా ఇక్కడే ఉంది.

మొదటి పని గాల్లో నిలబెట్టడం. తోక మీవైపు, ముక్కు అవతలికి. ఇలా పెడితే హెలికాప్టర్ కుడీ మీ కుడీ ఒకటే. అయిదు నిమిషాలు ఒక చిన్న గది అంత చోటులో కదలకుండా నిలపగలిగారా? అప్పుడు ముక్కును కొంచెం ఎడమకు తిప్పి నిలపండి. తర్వాత కుడికి. తర్వాత పూర్తిగా పక్కకు. చివరిదీ, అన్నిటికంటే కష్టమైనదీ ముక్కు మీవైపు పెట్టి నిలపడం. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒరిగినప్పుడు మెదడు ఒకటి చెబుతుంది, వేళ్ళు ఇంకొకటి చేస్తాయి. దానికి ఒక చిట్కా ఉంది: ముక్కు మీవైపు ఉన్నప్పుడు అది ఏ పక్కకు పడిపోతుంటే, కుడి స్టిక్ ఆ పక్కకే నెట్టండి. పడిపోతున్న దానికి కింద ఆసరా పెట్టినట్టు అనుకోండి. కొన్నాళ్ళకు ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

కళ్ళు ఎక్కడ ఉండాలి? ముక్కు మీద. చాలామంది తోకను చూస్తారు, ఎందుకంటే ముందు కనిపించేది అదే. తోకను చూసి ఎగరేసినవాళ్ళకు మలుపులు ఎప్పటికీ అయోమయమే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పడగానే బటన్ నొక్కి మళ్ళీ మొదలుపెడతారు, పడగానే మళ్ళీ బటన్. గంటలో నూటయాభై సార్లు కూల్చి, "ప్రాక్టీస్ చేశా" అనుకుంటారు. అది ప్రాక్టీస్ కాదు, వీడియో గేమ్. పడిన ప్రతిసారీ బటన్ నొక్కే ముందు పైకి అనండి: "కుడి స్టిక్ ఎక్కువ లాగాను", "భయపడి పూర్తిగా దించేశాను". కారణం చెప్పలేకపోతే బటన్ ముట్టుకోవద్దు. ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

3. చిన్న మోడల్, ఖాళీ హాలు. సిమ్యులేటర్‌లో అన్ని దిక్కులా నిలపడం వచ్చాక హెలికాప్టర్ కొనండి. దాన్ని ముందు గాలి లేని చోట ఎగరేయండి. ఎక్కడ దొరుకుతుంది అలాంటి చోటు? మన మూడు ఊళ్ళలోనూ కల్యాణ మండపాలు ఉన్నాయి కదా! ఆషాఢంలో, మూఢం రోజుల్లో ముహూర్తాలు లేక అవి బోసిపోతాయి. ఆషాఢం వచ్చే జూన్, జూలైలలోనే బయట నైరుతి గాలి ఈడ్చి కొడుతుంది. అంటే పొలం పనికిరాని రోజుల్లోనే హాలు ఖాళీగా ఉంటుందన్నమాట. యజమానిని మర్యాదగా అడగండి, వాచ్‌మన్ పిల్లలకు కాసేపు చూపించండి, గంటసేపు వదిలేస్తారు. ఫ్యాన్లన్నీ ఆపేయించండి. వేలాడే దీపాలకు దూరంగా నిలబడండి.

నేలకు జానెడు ఎత్తులో నిలపాలని చూడకండి. అది సురక్షితం అనిపిస్తుంది కానీ కాదు. రోటర్ కిందికి నెట్టిన గాలి నేలకు కొట్టుకుని తిరిగొచ్చి హెలికాప్టర్‌ను కుదిపేస్తుంది. నిదానంగా, తడబడకుండా నడుము ఎత్తుకు లేపండి. అక్కడ గాలి శుభ్రంగా ఉంటుంది, తప్పు దిద్దుకోవడానికి కాస్త సమయమూ దొరుకుతుంది.

4. హాలులోనైనా సరే, ఎగరేసే ముందు చేతిలో పరీక్ష. ఇది వదిలేస్తే మీరు ఎంత నేర్చుకున్నా వృథా. కొత్తవాళ్ళ మొదటి ప్రమాదాల్లో కొన్నిటికి కారణం వేళ్ళు కావు, తిరగబడిన గైరో, అంటే హెలికాప్టర్ కదలికను పసిగట్టి సరిదిద్దే భాగం. మోటారు తీగలు విప్పేసి, బ్యాటరీ పెట్టి, హెలికాప్టర్‌ను చేతిలో పట్టుకోండి. ముక్కును కిందికి వంచండి. రోటర్ కింద ఉన్న స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగాలి. కుడికి ఒరగనివ్వండి, అది ఎడమకు వంగాలి. అంటే మీరు ఎటు వంచినా అది నేలకు సమంగా ఉండాలని చూడాలి. వ్యతిరేకంగా కదిలితే ఎగరేయవద్దు. లేచిన మరుక్షణం బోర్లా పడుతుంది.

తోక బ్లేడ్ల కోణం మారే మోడల్ అయితే తోకకు కూడా పరీక్ష ఉంది; తోకకు విడిగా మోటారు ఉన్న చిన్నవాటికి ఇది వర్తించదు. రడ్డర్ స్టిక్ (మోడ్ 2లో ఎడమది) కుడికి నెట్టి, తోక బ్లేడ్లు ఎటు వాలుతున్నాయో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు స్టిక్ వదిలేసి, చేత్తో హెలికాప్టర్ ముక్కును ఎడమకు గబుక్కున తిప్పండి. బ్లేడ్లు ఇందాకటి వైపే వాలాలి. అమ్మినవాడు "అంతా సెట్ చేశామండీ" అన్నా సరే, ఈ పరీక్షలు మీరే చేసుకోండి.

పెద్ద బ్లేడ్లు రెండూ ఒకే బరువు ఉండాలి. తేడా ఉంటే హెలికాప్టర్ మొత్తం వణుకుతుంది, మరలు వదులవుతాయి. ఈ విషయంలో ప్రొద్దుటూరు వాళ్ళ అదృష్టం ఇంకే ఊరివాళ్ళకూ లేదు. మిల్లీగ్రాముల దాకా తూచే కాటా బంగారం పనిచేసే ఆచారి దగ్గర ఉంటుంది. రెండు బ్లేడ్లూ తూచిపెట్టమని అడగండి. తక్కువ ఉన్నదానికి సన్నటి టేపు ముక్క చుడితే సరిపోతుంది. సూక్ష్మమైన స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు ఎక్కడ మంచివి దొరుకుతాయో కూడా ఆయన్నే అడగండి.

లోహంలోకి బిగించే మరలకు నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్‌లోకి వెళ్ళే మరలకు వద్దు.

5. ఒక నాపరాయి తెచ్చుకోండి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు కడప బండ గురించి చెప్పాలా? రెండడుగుల చదరం, నున్నగా పాలిష్ చేసిన ముక్క ఒకటి చాలు. ఇంట్లో బల్ల మీద సమంగా పెట్టి హెలికాప్టర్ సెట్టింగులు దాని మీద చూసుకోండి. షాఫ్టు వంగిందన్న అనుమానం వస్తే దాని మీద దొర్లించండి, వంగినది తడబడుతూ దొర్లుతుంది. పొలంలో లేచే చోటుగా కూడా అదే వేయండి. మన రేగడి నేల ఎండితే నెర్రెలు విచ్చుతుంది, స్కిడ్ ఆ నెర్రెలో ఇరుక్కుంటే లేచేలోపే బోల్తా. బండ మీద స్కిడ్ జారుతుంది కానీ ఇరుక్కోదు, దుమ్మూ లేవదు. పెన్న ఇసుకలో మాత్రం ఎగరేయకండి. చూడటానికి మెత్తగా, విశాలంగా, పడినా దెబ్బ తగలదన్నట్టు ఉంటుంది. ఒక్కసారి ఇసుక బేరింగుల్లోకి పోతే అవి కరకరలాడుతూనే ఉంటాయి, మార్చేదాకా.

6. బ్యాటరీని అనుమానంగా చూడండి. లైపో బ్యాటరీ మొబైల్ బ్యాటరీ లాంటిది కాదు. పాడైతే మంట పెట్టుకుంటుంది, ఆ మంట మామూలుగా ఆరదు. సెల్ ఒక్కొక్కటి నిండుగా 4.2 వోల్టులు ఉంటుంది, అంతకు మించనివ్వవద్దు. ఎగరేసి దించాక 3.7 లేక 3.8 దగ్గర ఉండేట్టు చూసుకోండి. వారంపాటు ఎగరేయకపోతే 3.8 దగ్గరే దాచండి, నిండుగా పెట్టి మరచిపోతే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకండి. ఛార్జింగ్ ఎప్పుడూ బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే చేయండి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే 2.2 ఆంపియర్ల మీద పెట్టండి, గంటకు అటూ ఇటూగా నిండుతుంది. ఇక్కడ తొందరపడితే లాభం లేదు. ఇందాకటి నాపరాయే ఛార్జింగ్‌కు మంచి పీట, పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. మంచం మీద, పరుపు పక్కన, ఎవరూ లేని ఇంట్లో ఛార్జింగ్ పెట్టకండి.

మేలో మన ఎండ సంగతి మీకు తెలుసు. నలభై దాటిన ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో బ్యాటరీలు వదిలి టీ తాగడానికి పోవద్దు. పొలంలో కరెంటు లేదంటారా? చాలా ఛార్జర్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి పనిచేస్తాయి. ట్రాక్టర్ బ్యాటరీ చాలు.

రిమోట్‌లో టైమర్ పెట్టండి, మొదట నాలుగు నిమిషాలకు. అది మోగిందంటే దించడమే. "ఇంకొక్క రౌండ్" అన్నప్పుడే ఎక్కువ హెలికాప్టర్లు నేల కరుస్తాయి.

7. త్రాటిల్ హోల్డ్. మోటారును ఒక్క దెబ్బతో ఆపే మీట ఇది. బ్యాటరీ కలపడానికి ముందే అది వేసి ఉండాలి. బండ మీద పెట్టి, మీరు వెనక్కి వెళ్ళి నిలబడ్డాకే తీయాలి. పడిపోతోంది, ఇక ఆగదు అనిపించగానే మళ్ళీ వేసేయాలి. మోటారు ఆగిన బ్లేడు నేలను తాకితే నష్టం తక్కువ. మోటారు తిప్పుతున్న బ్లేడు తాకితే దానితో పాటు అన్నీ పోతాయి. సిమ్యులేటర్‌లో కూడా కూలిన ప్రతిసారీ ఈ మీట వేయడం అలవాటు చేసుకోండి. భయంలో చెయ్యి అలవాటైన పనే చేస్తుంది.

ఎంత దూరంలో నిలబడాలి? చిన్నదానికి పదడుగులు. 450 సైజుకు పది మీటర్లు, అంతకంటే దగ్గర వద్దు. ఆ సైజు రోటర్ నిమిషానికి 2500 సార్లు తిరిగితే బ్లేడు కొన వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. 2013 సెప్టెంబర్‌లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక పార్కులో, బాగా అనుభవమున్న 19 ఏళ్ళ కుర్రాడు తన పెద్ద మోడల్ హెలికాప్టరే తగిలి చనిపోయాడు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 700 సైజు మోడల్ కావాలని మీ మనసు మారాం చేసిన రోజున ఇది గుర్తుకు రావాలి.

8. చోటు, చట్టం. ఇది త్వరగా ముగిద్దాం, కానీ వదలవద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు ఉండి, సరదా కోసమో చదువు కోసమో కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే మోడళ్ళకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాముల లోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. రెండు కిలోల లోపు వాటికి కూడా వ్యాపారం కోసం కాకపోతే అవసరం లేదు. నమోదు సంగతి మాత్రం మీ మోడల్ బరువును బట్టి కొనేముందే చూసుకోండి. ప్రభుత్వ డిజిటల్ స్కై వేదికలో మ్యాప్ ఉంటుంది: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు. మీకు నలభై అడుగులే ఎక్కువ. కడప విమానాశ్రయం మన మూడు ఊళ్ళకూ 12 కిలోమీటర్ల కంటే చాలా దూరమే కాబట్టి విమానాశ్రయం చుట్టూ ఉండే ఆంక్షల బెడద లేదు.

మ్యాప్ ఏ రంగు చూపినా కొన్ని చోట్లకు మీరే పోవద్దు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని, మైలవరం డ్యామ్. నాయకుల పర్యటనలప్పుడు రిమోట్ బయటికి తీయకండి. 96 గంటల దాకా ఒక ప్రాంతాన్ని తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉంది. పులివెందుల వాళ్ళకు ఇది తరచూ గుర్తుండాల్సిన సంగతి.

ఇక గండికోట. మీ మనసు అక్కడికే పోతుందని నాకు తెలుసు. పెన్న లోయ మీద హెలికాప్టర్, వెనక కోట గోడ, సాయంత్రపు వెలుగు! వద్దు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, జనం తిరిగే చోటు. అంచు నుంచి పైకి ఎగతన్నే గాలి మీ చిన్న మోడల్‌ను ఎత్తుకుపోతుంది. లోయలో పడితే తీసుకురావడానికి ఎవరు దిగుతారు?

మరి ఎక్కడ? శనగ కోసేసిన పొలం, తెలిసినవాళ్ళది, కరెంటు తీగలు లేనిది. బోరు మోటార్ల కోసం వేసిన తీగలు దూరానికి కనిపించవు, ముందు రోజే నడిచి చూసి రండి. తీగ మీద చిక్కుకుంటే కర్రతో లాగవద్దు, లైన్‌మన్‌ను పిలవండి.

9. గాలి. తెల్లవారి సూర్యుడు కాస్త పైకొచ్చేదాకా ఉండే సమయమే మీది. ఎండ వీపుకు తగిలేలా నిలబడండి. ఆకులు గలగలమంటుంటే ఇంటికి పోండి. ఈ జిల్లాలో హెలికాప్టర్ అనగానే పెద్దవాళ్ళకు 2009 సెప్టెంబర్ 2 గుర్తొస్తుంది. ఆ రోజు చెడు వాతావరణంలో నల్లమల మీదుగా వెళ్తున్న బెల్ 430 కూలి అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి మరణించారు. మీ ఇంట్లో జేజి ఈ బొమ్మను చూసి ముఖం చిన్నబుచ్చుకుంటే ఆమెతో వాదించకండి. గాలి గట్టిగా ఉన్న రోజు ఎగరేయనని మాటివ్వండి, ఆ మాట మీద నిలబడండి.

10. చూడవచ్చినవాళ్ళు. ఊళ్ళో ఒంటరిగా ఎగరేయడం అసాధ్యం. అయిదు నిమిషాల్లో పిల్లలు చేరతారు. "అన్నా, దీంట్లో కెమెరా ఉందా?" "ఎంత దూరం పోతాది?" "ఒక్కసారి ఈయన్నా, నేను ఎగరేచ్చా!" విసుక్కోకండి. అందరినీ మీ వెనక్కి రమ్మనండి, మీ ముందు ఒక్కరు కూడా ఉండకూడదు. పెద్ద పిల్లవాడు ఒకడికి బాధ్యత అప్పగించండి: "ఎవరూ ఈ గీత దాటకుండా చూడు". వాడు మీకంటే కఠినంగా కాపలా కాస్తాడు. ఎగరేస్తూ జవాబులు చెప్పకండి, దించాక చెప్పండి. మీ రిమోట్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మీ బావమరిదికి కూడా. సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టండి, నచ్చితే అతనూ నేర్చుకుంటాడు. అప్పుడు ఊళ్ళో ఇద్దరవుతారు, షాఫ్టులు అప్పిచ్చుకోవచ్చు.

పడిపోయాక

ముందు హోల్డ్. తర్వాత బ్యాటరీ తీయడం. తర్వాతే బాధపడటం.

అక్కడికక్కడే బ్లేడ్లు మార్చి మళ్ళీ లేపాలన్న ఆరాటం వస్తుంది. ఆ రోజుకు చాలించండి. పైకి బాగానే కనిపించే హెలికాప్టర్‌లో ఫెదరింగ్ షాఫ్టు వెంట్రుక మందం వంగి ఉంటుంది, బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటారు, సర్వోలో ఒక పన్ను ఊడి ఉంటుంది, గొట్టంలో బెల్టు తెగడానికి సిద్ధంగా ఉంటుంది. ఇంటికి తెచ్చి, నాపరాయి మీద పెట్టి, ఒక్కో భాగం కదిపి చూడండి. బ్యాటరీ నలిగిందా? ఇంట్లోకి తేవద్దు, ఆరుబయట ఇసుకలో పెట్టి కాసేపు చూడండి.

విడిభాగాల విషయంలో నా లెక్క మొండి లెక్క. హెలికాప్టర్ మీద పెట్టే డబ్బులో ఇంకో సగమంత విడిభాగాలకు పక్కన పెట్టుకోలేకపోతే ఆ మోడల్ మీకు ఖరీదైనదే, చిన్నది చూసుకోండి. బ్లేడ్లు రెండు జతలు, ఫెదరింగ్ షాఫ్టు, మెయిన్ షాఫ్టు, మెయిన్ గేర్, తోక బ్లేడ్లు, ఇవి మొదటి ఆర్డర్‌లోనే రావాలి. బ్యాటరీలు కూడా అప్పుడే చెప్పండి. లిథియం బ్యాటరీలను విమానంలో పంపడానికి ఆంక్షలు ఉన్నాయి, అవి మిగతా సామాను కంటే ఆలస్యంగా రావచ్చు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది కాబట్టి, కస్టమ్స్‌లో చిక్కుకునే బేరాల జోలికి పోకుండా మన దేశంలో స్టాకు ఉన్నవాళ్ళ దగ్గరే, బిల్లుతో కొనండి.

పెద్దది ఎప్పుడు?

ముక్కు మీవైపు పెట్టి, చిన్నదాన్ని పొలంలో, తేలికపాటి గాలిలో, ఒక పూర్తి బ్యాటరీ అయిపోయేదాకా నిలపగలిగినప్పుడు. తర్వాత నిదానంగా ఎనిమిది అంకె ఆకారంలో రెండు వైపులా తిప్పగలిగినప్పుడు. అంతకుముందు కాదు. తలకిందులుగా ఎగరేయడం, పల్టీలు కొట్టించడం మంచివే, కానీ అవి ఈ అధ్యాయం పని కాదు, మీ మొదటి ఏడాది పని కూడా కాదు.

"ఇంత విసుగు పని ఎవరు చేస్తారండీ, గాల్లో ఊరికే నిలబెట్టడం?" అని మీరు అడగవచ్చు. నిజమే, విసుగే. అది దాటినవాళ్ళే ఈ ఆటలో మిగులుతారు. మిగతావాళ్ళ హెలికాప్టర్లు సగం ధరకు అమ్మకానికి వస్తుంటాయి. పైన చెప్పిన కుర్రాడు కొన్నది అలాంటిదే.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. హెలికాప్టర్ల పేజీ మూసేసి, యూఎస్‌బీ ఉన్న మోడ్ 2 రిమోట్ ఒకటి ఆర్డర్ పెట్టండి. అది వచ్చేలోపు ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ వేసుకుని, నాపరాయి ముక్క ఒకటి వెతికి పెట్టుకోండి.